పగటి నిద్రకు గ్రాంటు

ఆ ఉదయం మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు తనిఖీ అధికారి వస్తాడు, మంచాల మీద మనుషులు కనిపించాలి, అంతే. సగమైనా నిండకపోతే ఇళ్లు లేనివాళ్ల వసతి గృహానికి నగరం ఇచ్చే గ్రాంటు ఆగిపోతుంది, వానలకు ముందు అందరూ మళ్లీ రోడ్డున పడతారు. ప్రాణం పోయినా సరే, ఈ తలుపుకు తాళం పడనివ్వనని అతను భార్య ముందు ఒట్టేశాడు.

తీరా వచ్చి చూస్తే అందరూ చెప్పులేసుకుంటున్నారు.

"ఇవాళొక్కరోజు పనికి పోకండమ్మా!" అని బతిమాలాడు.

"పోకపోతే కూలి నువ్విస్తావా నాయనా?" అంది ఇస్త్రీ బండి దగ్గర పనిచేసే అవ్వ. "మాకు ఇల్లు లేదు గానీ, పని లేదని ఎవడు చెప్పాడు నీకు?"

నిజమే కదా! రాత్రి పడుకునేవాళ్లను పగలొచ్చి చూడమని నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన కాళ్లకు దండం పెట్టాలి.

మేనేజరు వెనక్కి తగ్గలేదు. భార్యను, బావమరిదిని, పక్కింటి దర్జీని, దర్జీ అత్తగారిని, ఏం జరుగుతోందో చూద్దామని వచ్చిన ఇరుగుపొరుగునూ పోగేసి, మంచాలెక్కించి దుప్పట్లు కప్పేశాడు.

అధికారి వచ్చాడు, చూశాడు. "పట్టపగలు ఇంతమంది పడకేశారేంటండీ?"

ఈ ప్రశ్న మేనేజరు ఊహించలేదు. "ఒంట్లో బాగోలేదు సార్" అనేశాడు.

"అందరికీనా?"

"అందరికీ సార్. నిన్నటి నుంచీ."

బావమరిది మాట సాయం చేద్దామని ఓ మూలుగు మూలిగాడు. అది విని దర్జీ ఇంకాస్త గట్టిగా మూలిగాడు. దర్జీ అత్తగారైతే ఏకంగా కళ్లు తేలేసింది.

అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. కాసేపట్లో డాక్టర్లు దిగారు. అంటురోగమో కాదో తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదన్నారు. తలో సూదీ పొడిచారు. "మా ఇల్లు పక్క వీధే బాబూ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను!" అని మేనేజరు భార్య మొత్తుకుంటే, పాపం జ్వరంలో కలవరిస్తోందని ఆవిడకు ఇంకో సూది పొడిచారు. మేనేజరునూ లోపలికి తోసి బయట తాళం వేశారు.

సాయంత్రం అసలువాళ్లు పని నుంచి వచ్చేసరికి తలుపుకు తాళం, పైన మబ్బు. కిటికీలోంచి మేనేజరు చేతులు జోడించాడు. "తప్పయిపోయింది అవ్వా. మీ మంచాలు పోకూడదనే చేశాను."

"నీ సంగతి తర్వాత చూద్దాంలే" అని అవ్వ తిన్నగా వెళ్లి, డాక్టర్ల కబురు కోసం కారులో కూర్చున్న అధికారికి అడ్డంగా బైఠాయించింది. "మా మంచాల మీద ఎవరో పడుకున్నారు. మేమెక్కడ పడుకోవాలి? చెప్పేదాకా లేవను." మిగతావాళ్లూ ఆమె పక్కనే చతికిలబడ్డారు.

అధికారి ఇటు చూశాడు, అటు చూశాడు. లోపల నిండా మనుషులు, బయట మళ్లీ అంతమంది. "అమ్మో, ఊళ్లో ఇంతమందికి ఇళ్లు లేవా! ఈ ఒక్క గృహం ఏ మూలకు?" అంటూ అక్కడే పైవాళ్లకు ఫోను కొట్టి, ఉన్న గ్రాంటును కొనసాగించి, రెండో గృహానికీ మంజూరు చేయించాడు. ఆ పూటకు అవ్వ బృందాన్ని తాను దిగిన అతిథి గృహానికి పంపించాడు.

మేనేజరు కిటికీ ఊచలు పట్టుకుని ఆనందం పట్టలేక ఏడ్చేశాడు. భార్య మాత్రం దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకుంది.

"భేష్ బావా" అన్నాడు బావమరిది, సూది దిగిన చోటు రుద్దుకుంటూ.

ఇళ్లు లేనివాళ్ల కోసం నగరం గ్రాంటుతో నడుస్తున్న ఆ గృహంలో, ఆ రాత్రి పడుకున్న ప్రతి ఒక్కరికీ ఇల్లుంది.