కళ్ళు తెరిచిన ఫొటో

నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు అన్నారు. ఫొటో లేనిదే పొగే లేదని ధూమ నివారణ శాఖ తీర్మానించింది. పెద్దల మాటను కాదనవచ్చునేమో గానీ, శాఖ మాటను కాదనడానికి ఇంతవరకూ దరఖాస్తు ఫారం అచ్చవలేదు.

శాఖ ఇచ్చే పొగ రాని పొయ్యి కావాలంటే పాత పొయ్యి ముందు కూర్చుని ఫొటో దిగాలి. నిబంధనలు రెండే. పొగ దట్టంగా కనిపించాలి, లేకపోతే పాత పొయ్యి మంచిదే అనుకుంటారు. దరఖాస్తుదారు రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి ఉండాలి, లేకపోతే ఆవిడెవరో తెలియదు. (ఈ రెండూ ఒకేసారి కుదురుతాయా అని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ గ్యాసు పొయ్యి మీద కాచిన టీ తాగుతూ ఇంకా ఆలోచిస్తోంది.)

ఒక ఇంట్లో అత్తగారు అలాంటి పాత పొయ్యిని ముప్పై ఏళ్ళుగా ఊదుతోంది. చూపు ఏనాడో మసకబారింది. దానికి ఆవిడ పెద్దగా ఏడవలేదు; ఏడ్చినా పొగ వల్లే అనుకునేవారు. ఇప్పుడు ఆవిడ భయమంతా కోడలి గురించి. ఏడో నెల. పొయ్యి రాజేస్తే చాలు, గోడ పట్టుకుని వంగి దగ్గుతుంది.

"నేను దగ్గినప్పుడల్లా లోపల ఉలిక్కిపడుతోంది అత్తయ్యా," అంది ఒకరోజు. అత్తగారు ఆ రోజే దరఖాస్తు పెట్టింది.

నెల తిరిగాక ధూమ ధ్రువీకరణ అధికారి ఫోను పట్టుకుని వచ్చాడు. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. (లోపలికి వెళితే ఉద్యోగి ఆరోగ్యం దెబ్బతింటుందని శాఖకు తెలుసు.)

"పొగ చాల్లేదు పెద్దమ్మా. పచ్చి కట్టెలు పెట్టండి."

పెట్టింది. ఇల్లంతా కమ్మేసింది.

"కళ్ళు తెరవండి."

"తెరిస్తే మండిపోతున్నాయి బాబూ!"

"మండుతున్నాయనే కదా పొయ్యి ఇస్తోంది. తెరవండి."

నాలుగు ఫొటోలను ఫోను ఒప్పుకోలేదు. ఐదోసారి అత్తగారు పళ్ళు బిగబట్టి, లోపలి గదిలో దగ్గు వింటూ, కళ్ళు విప్పార్చుకుని కూర్చుంది. నీళ్ళు ధారగా కారాయి గానీ రెప్ప వాల్చలేదు. ఫోను టింగుమంది.

రెండు నిమిషాల్లో పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది. అధికారి చదివి వినిపించాడు: "దరఖాస్తుదారు దట్టమైన పొగలో కళ్ళు తెరిచి సౌకర్యంగా ఉన్నారు. పొగ వల్ల ఇబ్బంది లేదు. తిరస్కరించడమైనది."

"సౌకర్యంగానా? నువ్వొచ్చి కూర్చో నాయనా, చూద్దాం!"

"నా చేతుల్లో ఏముంది పెద్దమ్మా? ఇంకో దారుంది. మీ కోడలు బాగా దగ్గుతోందిగా, ఆవిణ్ణి కూర్చోబెట్టండి. కడుపుతో ఉంటే ముందు వరసలో ఇస్తారు. ఇంకో నాలుగు పచ్చి కట్టెలు పెడితే..."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి, పీట లాక్కోబోయింది. అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. రగులుతున్న కట్టెలను రెండు చేతులా లాగి పెరట్లో పడేసి, బిందెడు నీళ్ళు కుమ్మరించింది.

"పొయ్యీ వద్దు, నీ ఫొటో వద్దు. ముందు దాన్ని గాలి పీల్చుకోనివ్వు," అంది.

పొగ మెల్లగా విడిపోయింది. అధికారి చల్లారిన పొయ్యిని చూసి, ఫోనులో గళ్ళు నింపాడు. తనిఖీ సమయంలో పొగ లేదు. పొగ లేని ఇంటిని ఏం చెయ్యాలో నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. సంచిలోంచి రేకు బోర్డు తీసి గుమ్మానికి నాలుగు మేకులతో కొట్టాడు: "ఇది పొగలేని ఇల్లు."

అత్తాకోడళ్ళను దాని కింద నిలబెట్టి, "ఇప్పుడు కొంచెం నవ్వండమ్మా," అన్నాడు.

కోడలు దగ్గింది. ఫొటోలో అది నవ్వులాగే పడింది.