గవరయ్య ఎక్కని ఓడ

ఆ శనివారం ఉదయం గవరయ్య రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, వానలకు ముక్కవాసన పట్టిన బట్టల్ని ట్రంకుపెట్టెతో సహా ఎండలో వెయ్యడం. రెండు, డెలానీపూర్ వెళ్ళి ప్రార్థన మందిరానికి ఏడాది చందా ఒకేసారి కట్టెయ్యడం. మూడో పని కూడా ఉంటే బాగుండేది. కానీ రేవు ఆఫీసులో రిటైరయ్యాక, భార్య మహాలక్ష్మమ్మ పోయాక, ద్వీపంలో మిన్నీ బే అనే పేటలోని ఆ ఇంట్లో రెండు పనులు దొరకడమే గొప్ప.

ఆ మందిరంలో విగ్రహం లేదు, పూజారి లేడు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, మలయాళీలు ఎవరి దేవుణ్ణి వాళ్ళు వెంటబెట్టుకొచ్చి ఒకే బెంచీ మీద సర్దుకుంటారు. ఎవరి భాషలో వాళ్ళు పాడతారు. తర్వాత అందరూ ఒకే టీ తాగుతారు. సర్కారు సాయం లేదు, ధర్మదాత లేడు, చందాలతోనే నడుస్తుంది. ఈ ఏడు కప్పు రేకులు కారుతున్నాయి. అందుకే గవరయ్య ముందే కట్టాడు.

డబ్బు తీసుకున్న కార్యదర్శి గణేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు. ఈ ద్వీపాల్లో ఇవ్వవలసింది గడువుకు ముందే ఇచ్చేసేవాడు ఒక్కడే ఉంటాడు: ఓడెక్కి మళ్ళీ తిరిగి రానివాడు. విశాఖపట్నం ఓడ లక్ష్మివారం ఉంది. అడిగితే ముసలాయన ఏడుస్తాడేమోనని గణేశ్వరరావు అడగలేదు. ఊళ్ళో చెప్పాడు.

గవరయ్య ఇల్లు చేరేసరికి పక్కింటి యర్రమ్మ వాకిట్లో, ఎండలో పెట్టిన ట్రంకుపెట్టె దగ్గర ఉంది.

"పెట్టి దించీసినావేటి బాబాయ్! ఓడెక్కేత్తన్నావని మాకొక ముక్క సెప్పవా?"

"అది కాదమ్మా, బట్టలు..."

"బట్టలు సర్దుకోవాల గదా మరి! ఇదిగో, ఎండు నెత్తళ్ళు. భీమిలిలో మా అప్పకియ్యి. తిన్నావా?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న వినబడి చాలాకాలమైంది. ఆయన జవాబు వెతుక్కునేలోగా చేపల పులుసు గిన్నె ముందుకొచ్చింది. యర్రమ్మ పీట లాక్కుని కూర్చుంది. మహాలక్ష్మమ్మ పోయాక ఆ పీట మీద ఎవరూ కూర్చోలేదు. నిజం తిన్నాక చెబుదామనుకున్నాడు. తిన్నాక, ఆవిడ లేచాక చెబుదామనుకున్నాడు. లేచి, గిన్నె తర్వాత తీసుకుంటానని వెళ్ళిపోయింది.

సాయంత్రం పడవల జోగులు కొబ్బరికాయల బస్తా, కాళ్ళు కట్టిన కోడిపెట్ట తెచ్చాడు.

"మావా, ఈ పెట్ట మా యమ్మకి. ఓడలో గుడ్డెడితే నువ్వే తినీ. ఫికర్ మత్ కరో."

"జోగులూ, నేను..."

"పెరటి తలుపు ఊడిపోనాదేటి? ఉండు," అని మేకులు కొట్టి సరిచేసిపోయాడు. అది రెండు వానాకాలాల నుంచి ఊడే ఉంది.

ఆఖరికి గణేశ్వరరావే వచ్చాడు. "టికెట్టు సంగతేమిటండీ?"

గవరయ్యకు దారి దొరికింది. "నా దగ్గర టికెట్టేమీ లేదండీ," అన్నాడు నిజాయితీగా. ఇక అన్నీ సర్దుకుంటాయని ఊపిరి పీల్చుకున్నాడు.

"పాపం, దొరకలేదన్నమాట," అనుకుంటూ గణేశ్వరరావు వెళ్ళిపోయాడు.

బుధవారానికి ఇల్లంతా మూటలే. ఆ సాయంత్రం వీడ్కోలు ప్రార్థన. నెలల తరబడి రానివాళ్ళు కూడా వచ్చారు. కారుతున్న చోట బాల్చీ పెట్టి చుట్టూ కూర్చున్నారు. జోగులు లేచాడు.

"మావ గొంతు బాగోదు. అయినా పాట ఎత్తేది ఈయనే. ఈయన పాడినాక మనకింక సిగ్గేటుంటాది? అందరం పాడీగలం. రేపట్నుంచి ఎవులు ఎత్తుతారో, ఏటో."

గవరయ్య ఇక కూర్చోలేకపోయాడు.

"నేనెక్కడికీ వెళ్ళడం లేదు. అక్కడ నాకెవరూ లేరు. వాసన కొడుతున్నాయని బట్టలు ఎండేశాను. కప్పు కారుతోందని చందా కట్టాను, అంతే. వారమంతా నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళుండరు. ఆదివారం ఇక్కడ పిలుస్తారు. రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. నేను చందా కట్టేది దానికే. మీరంతా ఇంటికొస్తుంటే... రావద్దని చెప్పినట్టవుతుందని నోరు రాలేదు."

బాల్చీలో చుక్క పడిన చప్పుడు వినబడింది.

"అయితే నా నెత్తళ్ళో?" అంది యర్రమ్మ.

అందరూ నవ్వారు. గణేశ్వరరావు మాత్రం నవ్వలేదు. జేబులోంచి ఓడ టికెట్టు తీశాడు.

"మీకు కానుకగా ఇద్దామని కొన్నానండీ. కప్పు డబ్బుతో. మీ చందా కూడా అందులోనే పోయింది."

కప్పు కోసం తానిచ్చిన డబ్బే తనను ఊరు దాటించడానికి ఖర్చయిందని గవరయ్యకు అప్పుడు తెలిసింది. టికెట్టు వెనక్కి తీసుకోరు, కావాలంటే పేరు మారుస్తారు అన్నాడు గణేశ్వరరావు. అలా అని ఉండకూడదని వెంటనే ఆయనకే తెలిసింది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"నువ్వే ఎల్లు బాబూ," అన్నాడు జోగులు. "పెట్ట సానా నెమ్మదిది."

లక్ష్మివారం ఓడ కార్యదర్శితో, కోడితో, ఎండుచేపల వాసనతో బయల్దేరింది. మూటలు పోయాక గవరయ్య ఇల్లు మునుపటికంటే పెద్దదైనట్టు కనిపించింది.

ఆదివారం వాన కురిసింది. గవరయ్య కూర్చునే చోటు సరిగ్గా కారే రేకు కింద. ఆయన చోటు మారలేదు. యర్రమ్మ వచ్చి పక్కన కూర్చుని, ఇద్దరికీ పట్టేలా గొడుగు విప్పింది.

"బాబాయ్, నా గిన్నె నీకాడే ఉండిపోనాది. రేపొచ్చి పట్టుకెల్లనా?"

ఎప్పుడో తోమి బోర్లించిన గిన్నె ఇంకా తోమలేదని, ఎల్లుండి కూడా ఒకసారి వచ్చి చూడమని, గవరయ్య ప్రార్థన మందిరంలోనే అబద్ధమాడాడు.