ఇంజనుకు ఉక్కపోసిన రోజు

అది మే ఇరవై మూడో తేదీ. ఆ ఉదయం మాస్టారు తన కంచంలోని రెండు ఉడికించిన గుడ్లలో ఒకటే తిని, రెండోది వదిలేసి గేటు దాటారు. ఈ సంగతి ఆయన భార్యకు ఇప్పటికీ గుర్తు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన కంచంలో గుడ్డు మిగలడం ఆమె చూడలేదు.

మాస్టారు ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరయ్యారు. ఆరేళ్లుగా వీధి చివర అద్దె షెడ్డులో సొంతంగా ఓ చిన్న విమానం కట్టుకుంటున్నారు. రెక్కలు కుదిరాయి, తోక కుదిరింది. ఇంజనొక్కటే ఇంకా ఒకరి మెప్పు పొందాలి. ఆ రోజు పదింటికి తనిఖీ అధికారి వస్తారు. ఆయన కళ్లముందు విమానాన్ని నేలమీదే కట్టేసి పావుగంట ఇంజను నడపాలి. సిలిండర్ల వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటకూడదు. షెడ్డు యజమాని ముందే తేల్చి చెప్పేశాడు: అధికారి సరేనంటే విమానం ఉంటుంది, లేదంటే వచ్చే నెల నుంచి షెడ్డు వడ్రంగిది. వడ్రంగి అప్పుడే ఓసారి వచ్చి గోడలు కొలుచుకుని పోయాడు కూడా.

పొద్దున్నే కాసేపు నడిపి చూసుకుని, తరువాత అధికారి కోసం కూర్చోవడం మాస్టారి పథకం. కూర్చోవడమే ఆయన వల్ల కాని పని. విమానాన్ని షెడ్డు వెనక ఖాళీ స్థలంలోకి తోశారు. ముక్కు గాలికి ఎదురుగా తిప్పి, చక్రాలకు దుంగలు అడ్డం పెట్టి, తోకను ఇనుప స్తంభానికి కట్టారు. ఇంకేం పని మిగల్లేదు. అప్పుడాయన కళ్లు ఇంజను మూత మీద పడ్డాయి. ఫైబరుతో నెలల తరబడి తనే చేసిన మూత. ముందు రెండు కన్నాలు, అడుగున ఒకటి, అంతే. చొక్కా పై బొత్తాం పెట్టుకుంటే ఊపిరాడని మనిషి ఆయన. ఇంత బిగించి మూస్తే లోపల ఇంజను గతేమిటని జాలిపడి, క్లిప్పులు విప్పి మూత తీసి గోడకు ఆనించారు.

ఇంజను హాయిగానే అందుకుంది. ముల్లు మాత్రం ముందు మెల్లగా లేచి, ఆపైన ఏదో అర్జెంటు పని ఉన్నట్టు ఎర్రగీత వైపు నడిచింది. మాస్టారు గబుక్కున ఆపేశారు.

కుర్చీలూ ఫ్యాన్లూ అద్దెకిచ్చే బావమరిదికి ఫోను వెళ్లింది. పెద్ద ఫ్యాను ఒకటి కావాలన్నారు మాస్టారు. బావగారు నోరు తెరిచి సాయం అడగడం అదే మొదలు కాబట్టి, బావమరిది వ్యానులో అయిదు వేసుకొచ్చాడు. వాటిని ఇంజను చుట్టూ వరసగా నిలబెట్టి, షెడ్డు నుంచి వైర్లు లాగేలోపు గాలి దిక్కు మార్చుకుంది. విమానాన్ని తిప్పారు. స్తంభం తిరగదు కనుక తోక తాడు విప్పి వ్యానుకు కట్టారు. ఫ్యాన్లను తిప్పారు. అప్పుడు నడిపితే ముల్లు మళ్లీ పాత దారే పట్టింది.

"గాలితో అయ్యేది కాదు బావగారూ. నీళ్లు తగలాలి దీనికి."

"నీళ్లు పోస్తే సిలిండర్లు పగిలిపోతాయయ్యా."

"పోస్తానన్నానా? తడిగుడ్డ వేద్దాం. జ్వరమొచ్చిన మనిషికి వెయ్యమూ?"

మాస్టారు కాదనేలోపే తడిపిన గోనెసంచి వెళ్లి పొగగొట్టం మీద పడింది. గుప్పున ఆవిరి లేచింది. ఇద్దరూ అందులో కనబడకుండా పోయారు.

ఎదుటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న పెద్దావిడకు తెల్లటి పొగా, దాని చుట్టూ తిరుగుతున్న అయిదు ఫ్యాన్లూ కనిపించాయి. మంట పెట్టి, అది చాలక విసురుతున్నారని ఆవిడ ఫైరింజనుకు ఫోను చేసింది. అంతటితో ఊరుకోక మాస్టారి ఇంటికి వెళ్లి, ఆయన భార్యను వెంటబెట్టుకొచ్చింది.

వాళ్లు వచ్చేసరికి ఆవిరి తేలిపోయింది. మాస్టారు ఒక దుంగ మీద కూర్చుని ఉన్నారు. భార్య చెంగుతో ఆయన మొహం తుడిచి, మంచినీళ్ల సీసా చేతికిచ్చింది.

"వడ్రంగికి కబురు పెట్టేస్తాను" అన్నారాయన.

"ముందు నీళ్లు తాగండి."

రెండు గుక్కలు తాగేలోపే వీధిలో గంట మోగింది. ముందు ఫైరింజను, దాని వెనక దారి దొరక్క నెమ్మదిగా అధికారి కారు. ఫైర్ వాళ్లు దిగుతూనే గొట్టం లాగారు. ఇంజను ఇంకా సెగలు కక్కుతోంది. దానిమీద ఆ నీళ్లు పడితే ఆరేళ్లూ అక్కడితో సరి. బావమరిది చేతులు చాచి అడ్డం నిలబడి, మంటా లేదు గింటా లేదన్నాడు. ఫోను వచ్చాక తడపకుండా వెళ్లడం తమ పద్ధతి కాదన్నాడు వాళ్ల పెద్ద.

భార్య అటూ ఇటూ చూసింది. ఆ సెగలు దాచడానికి చేతికి అందింది గోడ దగ్గరున్న మూతే. ఎత్తి ఇంజను మీద పెట్టి, టకటకా క్లిప్పులు బిగించేసింది.

"ఎక్కడండీ మంట? చెయ్యి పెట్టి చూడండి."

ఫైర్ వాళ్ల పెద్ద మూత మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. ఏదో పోగొట్టుకున్నవాడిలా గొట్టం చుట్టించేశాడు. వచ్చినందుకు ఏదో ఒకటి చెయ్యాలి కనుక, నేలమీది వైర్లన్నీ ప్రమాదమని ఫ్యాన్లు పీకించేశాడు.

అధికారి గడియారం చూసుకుని, ఇక మొదలుపెడదామన్నారు. మాస్టారు మూత దగ్గరికి వెళ్లబోయారు.

"అదెందుకు తీస్తున్నారు?" అన్నారు అధికారి.

"అబ్బే, ఏం లేదు" అని, చదవని పరీక్షకు వెళ్లే కుర్రాడిలా మాస్టారు సీట్లోకి ఎక్కారు. ఫ్యాన్లు లేవు. పైన మూత ఒకటి. ఇంజను అందుకుంది. ముల్లు లేచింది. సగం దాకా వచ్చి, అక్కడ ఇల్లు కట్టుకున్నట్టు నిలబడిపోయింది. చెడిపోయిందేమోనని ఆయన అద్దం మీద వేలితో కొట్టారు. అది కదల్లేదు. పావుగంటా కదల్లేదు.

అధికారి సంతకం పెట్టి మూత చుట్టూ మెచ్చుకోలుగా తిరిగారు. "చక్కగా కుదిరింది. మూత ఉంటేనే గాలికి సిలిండర్ల సందుల్లోంచి పోక తప్పదు. లేకపోతే పక్కనుంచి జారుకుంటుంది. కొందరు ఉక్కపోస్తుందని మూత తీసి నడిపి ఇంజను కాల్చుకుంటారు."

బావమరిది ఆకాశం వంక చూశాడు.

"అలాంటివాళ్లు కూడా ఉంటారాండీ?" అని అడిగింది భార్య.

చీకటి పడుతుండగా విమానాన్ని లోపలికి తోశారు. మాస్టారు మూతమీద చెయ్యివేసి, ఒక్కసారి విప్పి లోపల ఎలా ఉందో చూసి వస్తానన్నారు. ఆమె ఆయన భుజం పట్టి మెల్లగా బయటికి నడిపించింది. షెడ్డు తలుపు చప్పుడు కాకుండా మూసి, తాళం వేసింది.

తాళంచెవి మాత్రం ఆయన చేతికివ్వలేదు.