గుండు నడుము దగ్గర ఆగును

ఈ భూమ్మీద ఏ వస్తువైనా కింద పడాలంటే పైనుంచి అనుమతి ఉండాలి. ఇది ప్రకృతి నియమం కాదు, అంతకన్నా గట్టిది. విద్యాశాఖ నియమం.

నియమం ఊరికే పుట్టలేదు. వెనకెప్పుడో ఒక బడిలో సైన్సు మాస్టారు పిల్లలకి చూపిద్దామని బల్ల ఎక్కి ఇనుపగుండు వదిలాడు. గుండు తన పని తాను చేసింది. కింద తనిఖీకొచ్చిన పెద్ద అధికారి కాలుంది. విచారణ సంఘం కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, తప్పు గుండుదేనని తేల్చింది. (కాలు హోదాలో పెద్దది.) ఆనాటి నుంచి అన్ని బడుల గుండ్లనీ బీరువాల్లో పెట్టి తాళాలేశారు. తాళంచెవులు హెడ్మాస్టర్ల గుప్పిట్లో ఉన్నాయి, హెడ్మాస్టర్లు శాఖ గుప్పిట్లో ఉన్నారు. గుండుకు బదులు వీడియో పంపారు. వీడియో ఎవరి కాలిమీదా పడదు కదా!

అలాంటి ఒక బడిలో భౌతికశాస్త్రం చెప్పే టీచరమ్మ ఉంది. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఏటా చివర్లో ‘కొనసాగించవచ్చు’ అని ఒక కాగితం వస్తే టీచరు, రాకపోతే ఇంట్లో మనిషి.

పాఠం పేరు సమ త్వరణం. పై నుంచి వదిలిన వస్తువు వేగం క్షణక్షణానికీ ఒకే లెక్కన పెరుగుతుందనీ, బరువైనదైనా తేలికైనదైనా గాలి అడ్డు రాకపోతే కలిసే దిగుతాయనీ చెప్పాలి. ఆమె వీడియో పెట్టేది. అందులో ఒక పెద్దమనిషి డాబా మీంచి గుండు వదులుతాడు. కాస్త పక్కన ఇంకొకాయన నిలబడి చూస్తుంటాడు. గుండు సరిగ్గా ఆయన నడుము ఎత్తుకు వచ్చేసరికి బడి నెట్ చచ్చిపోయేది. గుండు గాల్లో నిలిచిపోయేది. దానిమీద తెల్లటి చక్రం గిర్రున తిరిగేది.

“నెట్ బాగాలేదు మేడమ్!” అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచేది. ఈలోగా గంట కొట్టేవాళ్ళు. మర్నాడు మళ్ళీ డాబా దగ్గర్నుంచి మొదలు. ఆ గుండు నేలకి చేరగా ఆ బడిలో చూసినవాళ్ళు లేరు.

పరీక్షలొచ్చాయి. ‘పైనుంచి వదిలిన గుండు చలనమును వివరింపుము’ అని ప్రశ్న. క్లాసు క్లాసంతా తడుముకోకుండా రాసింది.

‘గుండు మొదట త్వరగా కదులును. నడుము ఎత్తునకు రాగానే ఆగును. దానిపై ఒక తెల్లని చక్రము తిరుగును. అంతట గంట మ్రోగును.’

ముందు బెంచీ పిల్ల, క్లాసులో అందరికన్నా చురుకైనది, పటం కూడా గీసింది. చక్రానికి బాణం గుర్తు పెట్టి, అది ఎటువైపు తిరుగునో చూపించింది.

టీచరమ్మ తల పట్టుకుంది. కాసేపు నవ్వింది, కాసేపు ఏడుపొచ్చింది, ఆ తర్వాత వరసగా సున్నాలు పెట్టింది.

హెడ్మాస్టరు పిలిపించాడు.

“ఏంటమ్మా ఇది? కోడి గుడ్లు పెట్టినట్టు పెట్టుకుంటూ పోయారు! స్కూలు పరువు పడిపోతుంది.”

“గుండు గాల్లో ఆగుతుందని రాశారు సార్.”

“వీడియోలో ఆగిందా లేదా?”

“నెట్ ఆగింది సార్, గుండు కాదు.”

“వీడియో ఎవరిది? శాఖది. నెట్ ఎవరిది? అదీ శాఖదే. శాఖ ఆగిందని చూపిస్తే ఆగలేదనడానికి మీరెవరమ్మా, నేనెవర్ని?” ఆయన గొంతు తగ్గించాడు. “చూడండి, మీరు నా చెల్లెల్లాంటివారు. మార్కులు వేసెయ్యండి. మీ కాగితం మీద సంతకం పడిపోతుంది. అనవసరంగా గొడవలోకి దిగకండి.”

“బీరువా తాళం ఇప్పించండి సార్. ఒక్కసారి గుండు వదిలి చూపిస్తాను. కళ్ళతో చూశాక పిల్లలే దిద్దుకుంటారు.”

హెడ్మాస్టరు తన కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. “అనుమతి తెచ్చుకోండి” అన్నాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె అత్తగారు సంగతంతా విని ముక్కున వేలేసుకుంది. “ఇన్నేళ్ళ కాపురంలో నా చేతిలోంచి ఎన్ని గిన్నెలు పడ్డాయో! ఏ ఒక్కటైనా నడుం దగ్గర ఆగుంటే ఇన్ని సొట్టలెందుకుంటాయే అమ్మాయ్?”

“ఈ ముక్క మా ఆఫీసులో ఎవరూ ఒప్పుకోరు అత్తయ్యా.”

“ఒప్పుకోకపోతే వాళ్ళావిడల్ని అడగమను.”

పతన అనుమతుల కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. (లిఫ్టు పడిపోయినప్పటి నుంచి అందరూ మెట్లెక్కే వెళ్తారు. ఆ పతనానికి అనుమతి లేదు గనక, లిఫ్టు పడినట్టు రికార్డులో లేదు.) అనుమతుల అధికారి ఆమె దరఖాస్తు చూసి, చూపుడువేలు ఒక గడి మీద పెట్టాడు.

“ఇక్కడ చూడమ్మా. ‘వస్తువు పడినదా, పడవేసినారా?’ మీరేమో రెండూ కొట్టేసి ‘వదులుతాను’ అని రాశారు. వదలడం అనే గడి లేదు.”

“పడింది అని రాస్తే?”

“అది ప్రమాదం. నష్టానికి జవాబు చెప్పాలి.”

“పడేశాను అని రాస్తే?”

“ఆస్తి ధ్వంసం. పోలీసులకి చెప్పాలి.”

“రెండూ కాదండీ. నేను చెయ్యి తెరుస్తాను. అదే పడుతుంది.”

“ఎవరు చెప్తే పడుతుంది?”

“ఎవరూ చెప్పక్కర్లేదు.”

అధికారి కళ్ళజోడు తీసేశాడు. “ఎవరూ చెప్పకుండా పని జరగడమా? నా సర్వీసులో చూళ్ళేదమ్మా!”

ఆయన మాటలో దోషం లేదు. మన భాషలో జీతం పడాలి, సంతకం పడాలి, ఓటు పడాలి, బరువు పడాలి, మాట పడాలి, ఇవన్నీ పడటానికి మనిషి కష్టపడాలి, కాళ్ళమీద పడాలి. దేనంతట అది పడేదేదైనా ఉందంటే ఆఫీసువాడు ఎందుకు నమ్ముతాడు?

“సరే, రెండు గుండ్లని రాశారేం?”

“ఒకటి ఇనుపది, ఒకటి చెక్కది. రెండూ ఒకేసారి నేలకి చేరతాయని చూపించాలండీ.”

“ఒకేసారా!” ఆయన కుర్చీలో నిటారుగా అయ్యాడు. “మరి సీనియారిటీ ఏం కావాలి? ఇవాళ చెక్కా ఇనుమూ ఒకేసారంటారు, రేపు మా అటెండరూ నేనూ ఒకేసారి ప్రమోషన్ కొస్తాం.”

“ప్రమోషన్ అంటే ఎక్కడం కదండీ. ఇది పడటం. పడటంలో అందరూ సమానమే.”

అధికారి ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, దరఖాస్తు అంచున ‘రాజకీయం ఉన్నది’ అని రాసుకున్నాడు.

అయినా శాఖ కఠినమైనది కాదు. అనుమతి వచ్చింది, షరతులతో. గుండును వదలవచ్చును, కానీ చేతిలోనే ఉంచుకొని వదలవలెను. చుట్టుపక్కల కాళ్ళు ఉండరాదు (పిల్లలు కాళ్ళు లేకుండా హాజరు కావలెనా అన్నది పరిశీలనలో ఉంది). అన్నిటికన్నా ముఖ్యం, గుండు నేలను తాకరాదు, ఏలయనగా నేల భవనాల విభాగానిది. ఆ విభాగం అనుమతి వచ్చువరకు గుండు నడుము ఎత్తున నిలుపుదల చేయవలెను.

టీచరమ్మ ఆ చివరి వాక్యం మళ్ళీ మళ్ళీ చదివింది. పిల్లలు రాసింది అదే. ఒక్క చక్రమే తక్కువ.

ఆమె భవనాల విభాగం చుట్టూ తిరిగింది. అక్కడ ఫైలు వేగమూ సున్నా, త్వరణమూ సున్నా. (దీన్నే పాలనలో స్థిరత్వం అంటారు.) తిరుగుతుండగానే ఏడాది చివరికొచ్చింది. హెడ్మాస్టరు ఒక చేత్తో మార్కుల పట్టిక, ఇంకో చేత్తో ఆమె కొనసాగింపు కాగితం పట్టుకుని వచ్చాడు. ఒక చెయ్యి కదిలితేనే రెండోది కదులుతుంది, అంతే.

ఆమె పట్టిక తీసుకుంది. సున్నాలను సున్నాలుగానే ఉంచి, కింద సంతకం పెట్టి ఇచ్చేసింది.

“పిచ్చిదానివమ్మా నువ్వు” అన్నాడాయన. ఈసారి ‘మీరు’ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “రేపట్నుంచి రానక్కర్లేదు.”

“ఇవాళ ఒక పీరియడ్ ఉంది సార్” అంది టీచరమ్మ.

క్లాసులోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. పిల్లలు అలవాటుగా గోడమీది తెర వైపు తిరిగారు. ఆమె చెప్పులు విప్పి, కొంగు బిగించి, బల్ల ఎక్కింది. గుండ్లు బీరువాలోనే ఉన్నాయి. ఆమె దగ్గర ఉన్నవి రెండే. ఇంటి తాళాల గుత్తి, ఒక సుద్దముక్క. రెండు చేతులూ ఒకే ఎత్తున చాపింది.

“ఇటు చూడండర్రా. తెర కాదు, నన్ను చూడండి.”

వదిలింది.

రెండూ నడుము దాటాయి, మోకాలు దాటాయి, కలిసే నేలకి కొట్టుకున్నాయి. సుద్దముక్క విరిగింది. చప్పుడు ఒక్కటే. నేల తన అనుమతి గురించి ఏమీ అనలేదు.

పిల్లల నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. టీచరమ్మ బల్లమీంచే వాళ్ళని చూసుకుంది. ఉద్యోగం పోతే పోయింది, ఇన్నాళ్ళకి ఒక్క నిజం వీళ్ళ కళ్ళముందు పడింది.

“మధ్యలో ఆగిందా?”

“లేదు మేడమ్!”

“చక్రం తిరిగిందా?”

“లేదు మేడమ్!”

“మరి దీన్నిబట్టి మీకేం అర్థమైంది?”

అందరూ ముందు బెంచీ పిల్ల వైపు చూశారు. ఆ పిల్ల చేతులు కట్టుకుని లేచి నిలబడింది. విరిగిన సుద్దముక్క కేసి, తాళాల కేసి, బల్లమీది మేడమ్ కేసి శ్రద్ధగా చూసింది. దాని ముఖం విప్పారింది.

“ఇవాళ నెట్ బాగుంది మేడమ్.”