షేర్వానీ మాస్టరు బండి జాకెట్

రామ్‌చందర్ కుట్టిన షేర్వానీ తొడుక్కుంటే ఎంత వంగిపోయిన ముసలాయనైనా నిటారుగా నిలబడతాడని లాల్‌దర్వాజాలో పేరు. ముప్పై ఏళ్లుగా మిషను మీద వంగీ వంగీ ఆయన వీపు మాత్రం విల్లులా తయారైంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఎవరి వీపు వారికి కనపడదు కదా.

అలాంటి మనిషి నెల రోజులుగా ఒక జాకెట్‌ను చూసి కుళ్లి చస్తున్నాడు.

ఆ జాకెట్ మేడమీద అద్దెకుంటున్న ఫణికుమార్‌ది. కాకినాడ నుంచి వచ్చిన ఉద్యోగస్థుడు, నున్నగా దువ్విన తల, మాటకు ముందొక ‘అండి’ వెనకొక ‘అండి’. బండి మీంచి పడ్డా దెబ్బ తగలకుండా భుజాలకూ మోచేతులకూ గట్టి బిళ్లలు పెట్టిన నల్ల జాకెట్ వేసుకుని రోజూ ఆఫీసుకు పోతాడు. పోతే పోయాడు. సరిగ్గా అదే వేళకు రామ్‌చందర్ భార్య నాగమణి వాకిట్లోకి వస్తుంది. అదీ బాధ.

"ఆ జాకెట్ల మనిషి ఎంత ధీమాగ కనవడ్తడయ్యా," అంటుంది.

"ఏం ధీమా? బొద్దింక లెక్కున్నడు."

"కిందవడ్డా మోచెయ్యి గీసుకపోదట."

మోచెయ్యి మాట ఆయనకు సూటిగా తగిలింది. మొన్న వానల్లో బహదూర్‌పురా దగ్గర బండి జారి ఆ మోచెయ్యే చెక్కుకుపోయింది. పదిహేను రోజులు మిషను మూలన పడింది. జాకెట్ కొనుక్కోమని నాగమణి అప్పుడే ఒకసారి అడిగింది. "దర్జీ పోయి రెడీమేడ్ కొనుడా? గల్లీల తలెత్తుకొని తిరగాల్నా వద్దా?" అని ఆయన గదిమితే మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పొరుగువాడి జాకెట్‌ను పొగడటం ఆ తర్వాతే మొదలైంది. దానితో పాటు ఇంకో వింత. టీ తెచ్చినప్పుడల్లా, మిషను మీద వంగి ఉన్న ఆయన వీపు మీద చెయ్యి వేసి మెడ నుంచి నడుం దాకా మెల్లగా నిమురుతోంది. ఇరవై రెండేళ్ల కాపురంలో లేని ముద్దు. మొదటిరోజు మురిసిపోయాడు. రెండోరోజు అనుమానం వచ్చింది. పరాయివాడి జాకెట్‌ను పొగిడిన తప్పు కడుక్కోవడానికే మొగుడి వీపు నిమురుతోందని మూడోరోజుకు తేల్చుకున్నాడు. ఆ పూట అన్నం సయించలేదు.

ఇంతలో ఫణికుమారే జాకెట్ పట్టుకుని కింద ముందుగదిలో ఉన్న దుకాణంలోకి వచ్చాడు.

"రామ్‌చందర్ గారూ, జేబు జిప్పు ఊడిందండి. కాస్త చూస్తారా?"

రామ్‌చందర్ దాన్ని కొయ్యకు తగిలించి చుట్టూ తిరిగాడు. చేతులు ముందుకు వంగి ఉన్నాయి. వీపు ఉబ్బి ఉంది. ముందు పొట్టి, వెనక పొడుగు. నెల రోజుల తర్వాత ఆయన కడుపు చల్లబడింది.

"గిదేంది సార్, చేతులు వంకర, వీపు గూని. ఎవడు కుట్టిండోగని వానికి కత్తెర పట్టుడు రాదు."

"బండి మీద ముందుకు వంగి కూర్చుంటాం కదండీ. అందుకని అలా కుడతారు."

"వంగుడెందుకు సార్? మనిషన్నంక నిటారుగ కూసోవాలె."

లోపలి నుంచి నాగమణి గొంతు వినపడింది. "చేతనైనోళ్లు కుట్టి చూపియ్యాలె. మాటలు అందరు చెప్తరు."

అంతే, పెళ్లివారి షేర్వానీలు పక్కకు పోయాయి. భుజాల్లో పరుపుల దూది కూరాడు. మోచేతులకు బెల్టు తోలు వేశాడు. కాలరు బిర్రుగా నిలవడానికి ఒక వరస వేసే బక్రం గుడ్డ మూడు వరసలు వేశాడు. మెడ దగ్గర గుండీలు చాలవని ఇనప కొక్కేలు పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత తొడుక్కుని అద్దం ముందు నిలబడితే బండి నడిపేవాడు కనపడలేదు, పెళ్లికొడుకు కనపడ్డాడు. ఆయనకు అదే నచ్చింది.

ఆదివారం పొద్దున గల్లీ అంతా చూస్తుండగా బయటికి వచ్చాడు.

"అద్భుతంగా ఉందండి," అన్నాడు ఫణికుమార్.

రామ్‌చందర్‌కు కావలసింది ఆ మెప్పు కాదు. భార్య వైపు చూశాడు.

"నిలవడ్తె మంచిగనే ఉన్నది," అంది నాగమణి. "బండెక్కు."

ఎక్కాడు. చేతులు హ్యాండిల్‌కు అందలేదు. బలవంతంగా చాపితే కాలరు గడ్డాన్ని పైకెత్తేసింది. రోడ్డు పోయి కరెంటు తీగలు కనపడ్డాయి. దిగిపోతే పరువు పోతుందని గేరు వేశాడు. బండి తిన్నగా పోయింది, తిప్పాలంటే మోచెయ్యి మడవాలి కనుక. తిన్నగా ఎదురుగా ఉన్నది ఫణికుమార్ బండి. రెండు బండ్లూ కావలించుకుని పక్కనున్న ఇసుక కుప్పలో ఒరిగాయి. వాటి మీద రామ్‌చందర్, అప్పుడు కూడా నిటారుగానే.

దెబ్బ మాత్రం తగల్లేదు, ఒప్పుకోవాలి. కానీ లేవలేకపోయాడు. ఫణికుమారే చంకల కింద చేతులు వేసి బీరువాను నిలబెట్టినట్టు నిలబెట్టాడు. కొక్కేలు ఎంత గుంజినా ఊడలేదు. చివరికి నాగమణి లోపలికి పోయి, ఇంట్లో ఎవరూ ముట్టకూడని ఆయన కత్తెర తెచ్చి వీపు మీద నిలువునా కోసింది.

"చూసి కొయ్యవే, మంచి గుడ్డ."

"నీకంటె సక్కగనే కోస్తున్న. కదలకు."

కోత గీత గీసినట్టు వచ్చింది. దానికీ ఆయన కుళ్లుకున్నాడు.

మర్నాడు "దారం కొనుక్కొస్త" అని చెప్పి బయల్దేరి, ఎవరైనా చూస్తున్నారేమోనని నాలుగు దిక్కులూ చూసుకుంటూ బహదూర్‌పురాలో తౌఫీఖ్ నడిపే బండి జాకెట్ల దుకాణంలో దూరాడు. ఆ చుట్టుపక్కల ఉన్నది అదొక్కటే. దుకాణం నడుమ ఒక పాత బండి నిలబెట్టి ఉంది.

"నిలవడి తొడుక్కుంటె ఏం తెల్వది భాయ్," అన్నాడు తౌఫీఖ్. "పహ్లే బండెక్కుండ్రి."

రామ్‌చందర్ ఎక్కి కూర్చోగానే తౌఫీఖ్ ఆయన మొహంలోకి, తర్వాత వీపు వంకా చూశాడు. "మీరు లాల్‌దర్వాజా మాస్టర్ కదా?"

"నీకెట్ల ఎర్క?"

తౌఫీఖ్ బల్ల కింది నుంచి ఒక సంచి తీశాడు. "భాభీ వారం కిందనే పక్కకు పెట్టిచ్చిండ్రు. దారం కొంటనని చెప్పి ఒకరోజు ఆయనే వస్తడు, అప్పుడియ్యి అన్నరు."

తొడుక్కున్నాడు. చేతులు వాటంతటవే హ్యాండిల్ మీద వాలాయి. వీపు మీద ఎక్కడా పట్టలేదు, గడ్డం పైకి లేవలేదు. ఊరందరి ఒళ్లూ కొలిచిన మనిషి ఆయన. ఆయన ఒంటిని ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

"కొలతలెవరిచ్చిండ్రు?" అన్నాడు మెల్లగా.

తౌఫీఖ్ సంచికి గుచ్చిన చీటీ చూపించాడు. నాగమణి రాత. ‘భుజం నుంచి భుజం రెండు జానలు, నాలుగు వేళ్లు. మెడ నుంచి నడుం మూడు జానలకు రెండు వేళ్లు తక్కువ. మిషన్ మీద కూసున్నప్పుడు కొలిచిన. బండి మీద గూడ గట్లనే వంగి కూసుంటడు.’

రామ్‌చందర్ ఆ చీటీ ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నెల రోజులు తాను అనుమానపడ్డ చెయ్యి తనకే కొలతలు తీస్తోందన్నమాట.

ఇంటికి వస్తే నాగమణి బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "దారం దొరికిందా?"

"దొరికింది."

"నల్లగ మస్తు మందంగున్నది దారం."

"సక్కగ చెప్తె అయిపోవు గద," అన్నాడు రామ్‌చందర్.

"సక్కగనే చెప్పిన. ఇన్నవా? చెప్తె ఇనవు గని ఓర్వలేక కొంటవని ఎర్క నాకు."

ఆయన లోపలికి పోయి జాకెట్‌ను కొయ్యకు తగిలించాడు.

మర్నాడు మిషను మీద వంగి కూర్చున్నప్పుడు నాగమణి టీ తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టి వెనక్కి తిరిగింది. వీపు మీద చెయ్యి పడలేదు. కొలతల పని అయిపోయింది మరి. రామ్‌చందర్‌కు ఈసారి తన జాకెట్ మీదే కుళ్లు పుట్టుకొచ్చింది.

"మణీ," అని పిలిచాడు, మొహం మిషను మీంచి ఎత్తకుండా. "జాకెట్ జరంత వదులైనట్టున్నది. మళ్లొకపారి కొలిచి చూడు."

అని వీపు ఇంకాస్త వంచాడు.