అత్తగారి వైద్య సలహా

"మోకాలు పట్టేసిందంటే పడుకోక గెంతమంటావా అమ్మా?" అని సోఫాలోంచే మళ్ళీ అడిగాడు కొడుకు.

"కాళ్ళున్నది పడుకోడానికా? లేచి నడువు! చెట్టంత మనిషివి, సిగ్గులేదూ?" అంది అత్తగారు.

ఆ గోల మధ్యనే భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని కోడలు ఆస్పత్రి రిపోర్టులు దిద్దుతోంది. ఒకప్పుడు డాక్టర్లు గొణిగిందంతా విని టైపు చేసేది. ఆఫీసులో ఆమె పేరు చెవులమ్మ. ఇప్పుడు వినేదీ రాసేదీ సాఫ్ట్‌వేరే. అది రాసింది ఓసారి చూసి, తప్పుంటే మైకులో చెప్పి దిద్దించి పంపడమే ఈమె పని. రికార్డింగు వినే తీరిక ఇవ్వరు. ఇంకొక్క తప్పు దొర్లితే మనిషి అక్కర్లేదు, యంత్రమే చాలునని సూపర్‌వైజరు నిన్ననే తేల్చి చెప్పింది.

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, కాస్త ఆగండి!" అంటూ ఫైలు పంపేసింది. అప్పుడు చూసింది, మైకు మీద ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

గబుక్కున దాన్ని ఆపేసింది. కాసేపటికే ఫోను మోగింది.

"తుంటి ఆపరేషన్ పేషెంటు రిపోర్టు మీరేగా పంపింది?" సూపర్‌వైజరు అడిగింది. "వినండి. 'మూడు వారాలు మంచం దిగకూడదు. కాళ్ళున్నది పడుకోడానికా? లేచి నడువు! చెట్టంత మనిషివి, సిగ్గులేదూ? అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను.' నర్సు పైకి చదివిందిట. అది విని పేషెంటు బయల్దేరాడు."

"ఎక్కడికి?"

"వరండాలోకి! ఆపబోతే, 'డాక్టరు అంతలా తిట్టాక ఎలా పడుకోను?' అంటున్నాట్ట. డాక్టరేమో ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. పేషెంటు పడ్డాడో, మనిద్దరి పనీ అయిపోయినట్టే!"

కోడలు హెడ్‌ఫోన్లు అదిమిపట్టుకుని డాక్టరు రికార్డింగు పెట్టింది. మాస్కు వెనక గొణుగుడు. వెనక్కి జరిపి మళ్ళీ వింది. మంచం మాటే లేదు. 'మర్నాటి నుంచే ఊతమిచ్చి నడిపించాలి, పడుకోబెట్టొద్దు' అంటున్నాడాయన. సరిగ్గా వినపడని చోట యంత్రం తనకలవాటైన వాక్యం అతికించేసింది.

"ఊతమిచ్చి నడవనివ్వమనండి మేడమ్. డాక్టరు చెప్పిందీ అదే."

"అంటే... తప్పు మీ అత్తగారిది కాదా?"

"ఆ రిపోర్టులో ఒప్పు ఆవిడదొక్కటే."

"మరి పొద్దుట్నుంచి వెళ్ళిన మిగతావన్నీ ఎవరు విన్నారు?" అని, జవాబు తనకే తట్టినట్టు సూపర్‌వైజరు ఫోను పెట్టేసింది.

రాత్రి భోజనాల దగ్గర కోడలు నెమ్మదిగా చెప్పింది. "రేపట్నుంచి ప్రతి ఫైలూ విన్నాకే పంపుతాను. ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. పనయ్యేదాకా పడగ్గదిలో కూచుని తలుపు మూసుకుంటాను. వంట మీ అబ్బాయి చూసుకుంటారు, నిలబడి."

కొడుకు దిక్కుతోచక తల్లి వైపు చూశాడు.

ఆవిడ చింతంతా వేరు. "తలుపు మూసేస్తే, నా మాట ఆస్పత్రికి చేరేదెలాగే?"