గుంటకి అర్థం చెప్పిన పుస్తకం

మన పల్లెటూళ్ళ వాళ్ళకి తెలుగు రాదు! కోపం తెచ్చుకోకండి. నేను ఊరికే అనడం లేదు, అచ్చులో చూసి అంటున్నాను. ఈ సంగతి కనిపెట్టి, వాళ్ళ పాటలకి వాళ్ళకే తెలియని అర్థాలు చెప్పి, గట్టి అట్ట వేసి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసే మహోపకారి ఒకరున్నారు. యూనివర్సిటీ ప్రెస్సు!

అందులో నేను ఇరవయ్యారేళ్ళుగా ప్రూఫ్ రీడర్ని. ఏ యూనివర్సిటీ అని అడక్కండి, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది.

మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. ఉద్యోగంలో చేరిన రోజున అప్పటి డైరెక్టరు గారేదో అడిగితే, సరిగ్గా వినపడక "ఏటండీ?" అన్నాను. గది గదంతా నవ్వింది. ఆ సాయంత్రమే కూర్చుని నన్ను నేను ప్రూఫు దిద్దుకున్నాను. "ఏటి" కొట్టేసి "ఏమిటి". "సెప్పు" కొట్టేసి "చెప్పు". ఇప్పుడు నా తెలుగు ఎంత శుద్ధమైపోయిందంటే, మా ఊరు వెళ్ళే బస్సులో కండక్టరు "సార్ది ఏ జిల్లా?" అని అడుగుతాడు. ఇంతకన్నా అభివృద్ధి ఏం కావాలి?

సరే, పుస్తకం సంగతికొస్తాను. నాలుగేళ్ళ కిందట ఆచార్య భాస్కర్ గారు మా జిల్లాల జానపద కళల మీద ఒక మహాగ్రంథం సంకల్పించారు. ఆయనది ఈ ప్రాంతం కాదు. అందుకే నిష్పాక్షికంగా రాయగలిగారు! శ్రీముఖలింగం దగ్గర కూర్మమ్మ అనే పెద్దావిడ జముకుల కథ చెబుతుంది. జముకంటే ఒక పక్క తోలు మూసి, మధ్యనుంచి తీగ లాగి మీటే వాయిద్యం. ఆచార్యుల వారు ఒక మధ్యాహ్నం కారులో వెళ్ళి, ఆవిడ చెప్పిన నీలమ్మ కథని సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుని, భోజనం వేళకి వచ్చేశారు.

ఆ కథలో నీలమ్మ వంశధార ఒడ్డున నిలబడి ఏడుస్తుంది. "ఏటే ఏరా, నీకూ నాకూ ఏటి పగే? నా గుంటని నాకిచ్చీయే!" అని ఏటిని నిలదీస్తుంది.

గుంట! నిఘంటువు తీసి చూడండి. గొయ్యి, నీటి మడుగు, చిన్న చెరువు. ఆచార్యుల వారు కూడా అక్కడే చూశారు. నీలమ్మకి ఒక చెరువు గుంట ఉండేది, వరదొచ్చి నది దాన్ని కలిపేసుకుంది, తన గుంట తనకిమ్మని ఒక రైతు స్త్రీ నదినే నిలదీసింది అని తేల్చారు. "తెలుగు జానపదంలో తొలి జలహక్కుల గాథ!" అని అధ్యాయానికి పేరు పెట్టారు.

"గుంటకి తలంటి పోసినాను" అని ఇంకో చరణం. పూడిక తీయడానికి ప్రతీక అని ఫుట్‌నోటు. "గుంటకి జడేసి పూలెట్టినాను" అన్నచోట, గట్టు కోసుకుపోకుండా గడ్డి అల్లి నాటే ప్రాచీన పద్ధతి అని మరో ఫుట్‌నోటు.

పుస్తకానికి ఐదు ముందుమాటలు. కూర్మమ్మ పేరు కూడా ఉంది, లేదనకండి! చివరి పేజీలో, జిరాక్సు షాపు వారికీ కారు డ్రైవరుకీ మధ్య కృతజ్ఞతలు చెప్పారు.

తర్వాత సెమినార్లు మొదలయ్యాయి. ఒక పరిశోధకుడు ఆ గుంట విస్తీర్ణం ముప్పై సెంట్లని లెక్క కట్టాడు. ఇంకొకాయన అది ఫలానా రైల్వే గేటు పక్కన ఉండేదని మ్యాపు గీశాడు. పుస్తకాన్ని ఎమ్మేకి పాఠ్యగ్రంథం చేశారు. చూశారా? ఒక ముసలమ్మ నోట ఊరికే పడున్న కథ ఎంత ఎత్తుకెళ్ళిందో!

ఈ వైభవానికి ఒక్క పిల్ల అడ్డం వచ్చింది. పేరు అనిత. కూర్మమ్మ మనవరాలు. మా యూనివర్సిటీలోనే ఎమ్మే. పరీక్షలో "నీలమ్మ శోకానికి కారణమేమి?" అని అడిగితే, కూతురు ఏట్లో కొట్టుకుపోయిందని నాలుగు పేజీలు రాసింది. సున్నా వేశారు. పక్కన ఎర్ర సిరాతో "మూలగ్రంథం చదవలేదు" అని రాశారు. ఆ సున్నాతో పేపరు పోయింది.

అనిత ఆ పుస్తకం పట్టుకుని నేరుగా నా టేబుల్ దగ్గరికొచ్చింది. లోపలి పేజీలో ప్రూఫ్ రీడర్‌గా నా పేరుంది మరి.

"చినబాబు గారంటే మీరేనా? మీది ఏ ఊరు సార్?"

చెప్పాను.

"మీ ఊర్లో గుంటంటే ఏటి సార్?"

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. "అమ్మాయీ, అచ్చులో ఉన్నదే ప్రమాణం" అన్నాను.

ఆ పిల్ల పుస్తకం నా టేబుల్ మీదే వదిలేసి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

నెల తిరక్కుండా ఆ పుస్తకానికేదో పురస్కారం వచ్చింది. సభ పెట్టారు. కళాకారిణికి కూడా శాలువా కప్పితే ఫొటోలో నిండుగా ఉంటుందని ఎవరో అనడంతో కూర్మమ్మని పిలిపించారు. ఆవిడ జముకు ఒళ్ళో పెట్టుకుని వేదిక మీద చివరి కుర్చీలో కూర్చుంది. భాస్కర్ గారు జలహక్కుల అధ్యాయం ముప్పావు గంట చదివారు. చదివాక, వంగి, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

"బాగున్నాది బావూ. ఇది ఏ ఊరి కతా?"

సభంతా నవ్వింది. ఆచార్యుల వారూ నవ్వారు. "మీ కథే అమ్మా! నీలమ్మ కథ."

కూర్మమ్మ నవ్వలేదు. "నీటి గుంటకి ఎవులైనా జడేస్తారేటి బావూ?" అంది. జముకు ఎత్తి తీగ మీటింది.

ఆవిడ గొంతులో వయసు తెలుస్తోంది. మైకు అక్కర్లేదు. కారిడార్లో చీపురు పట్టుకున్న లక్ష్మణమ్మ గుమ్మం దగ్గర ఆగింది. క్యాంటీన్ వాళ్ళు వచ్చారు. డ్రైవర్లు వచ్చారు. కథలో, పిల్లకి తలంటి, జడేసి, పూలు పెట్టి, ఏటి ఒడ్డున కూర్చోబెట్టి నీలమ్మ బట్టలుతుక్కుంటోంది. వెనక్కి తిరిగి చూసేసరికి పిల్ల లేదు. ఒడ్డున పూలున్నాయి.

"నా గుంటని నాకిచ్చీయే!"

లక్ష్మణమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భాస్కర్ గారు తెల్లబోయి, "ఏమైందమ్మా, ఎందుకేడుస్తున్నావు?" అన్నారు.

"గుంట పోనాది కదా బావూ!" అంది లక్ష్మణమ్మ.

ఆయనకి అప్పటికీ అర్థం కాలేదు. పాపం, ఫుట్‌నోటు లేదు కదా! ఆయన అటూ ఇటూ చూస్తుంటే, వెనక వరసలో ఉన్న నేను ఎప్పుడు లేచానో నాకే తెలీదు.

"గుంటంటే ఆడపిల్ల సార్! మాయమ్మ మా సెల్లిని అలగే పిలిసీది. ఒలే గుంటా, అన్నానికి రాయే అనీది. ఈ పుస్తకం ప్రూఫు సూసినప్పుడే నాకు తెలుసు సార్."

ఇరవయ్యారేళ్ళకి ఆ మాటలు నా నోట్లోంచి వచ్చాయి. ఎవరూ నవ్వలేదు. కూర్మమ్మ జముకు పక్కన పెట్టి నన్ను నిదానంగా చూసింది.

"తెలుసేటి? మరిన్నాల్లూ నోట్లో ఏటెట్టుకున్నావు బావూ?"



తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. అనిత పేపరు మళ్ళీ దిద్దడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. గుంటంటే ఆడపిల్లో కాదో తేల్చడానికి వాళ్ళకి మూడు నెలలు పట్టింది. అందులో ఇద్దరు నిఘంటువు చూశారు, ఒకాయన లక్ష్మణమ్మని అడిగాడు. ఆయన మాటే నెగ్గింది. అనిత పాసైంది. ఇప్పుడు సెలవుల్లో అమ్మమ్మ దగ్గర కూర్చుని కథలన్నీ తనే రాసుకుంటోందట. ఫుట్‌నోట్లు పెట్టడం లేదట. ఎంత అశాస్త్రీయమో చూడండి!

అమ్ముడుపోని కాపీలన్నిటికీ, అంటే దాదాపు అన్నిటికీ, ఒక సవరణ చీటీ అతికించాలని డైరెక్టరు గారు తీర్మానించారు. రాసే పని నాకే ఇచ్చారు. రెండు వాక్యాలు రాశాను. మొదటిది అచ్చయింది: "గుంట అనగా స్థానికంగా బాలిక." రెండోది పాఠకులకి అనవసరమని ఆయన కొట్టేశారు.

ఆ రెండోదేమిటో మీకు చెప్పి ముగిస్తాను. "ఈ తప్పు ఆచార్యుల వారికి తెలియక జరిగింది, నేను తెలిసి ఊరుకున్నాను."